మూడో వరుసలో పెట్టె

19 ఆగస్టు 1994

ఈ వేసవిలో నాలుగో ఓడ వచ్చింది. పిండి, ఉల్లిపాయలు, బడికి నోటు పుస్తకాలు, బాయిలరుకు బొగ్గు. ఇంకొకటి వస్తుంది, అంతే. నేను ఈ రేవులో చేరిన ఏడాది అరవై మూడు వచ్చాయి. గట్టు చాలక ఓడలు బయట లంగరు వేసుకుని వారం పది రోజులు పడిగాపులు పడేవి. పరదేశపు కెప్టెన్లు కలప కోసం నా గది గుమ్మంలో టోపీ చేత పట్టుకుని నిలబడేవాళ్లు. ఇక్కణ్ణుంచే నది మీదుగా పైనున్న పద్దెనిమిది ఊళ్లకు కిరసనాయిలు, పిండి, మందులు వెళ్లేవి. ఇప్పుడు వాటిలో ఆరు ఊళ్లలో మనుషులే లేరు.

"వచ్చే ఏడు పుంజుకుంటుంది రిమ్మా సవెల్యెవ్నా" అంటాడు మకారిచ్. రేవు పెద్ద కాబట్టి ఆయన అనాలి. నేనూ అంటాను. అనకపోతే పొద్దున్నే లేచి ఎందుకు వెళ్లాలి?

ఇల్లు ఖాళీ చేసి సామాను పంపుకోవడానికి నోన్నాకు కంటైనరు పెట్టె ఇచ్చారు. జాబితాలో తొమ్మిదో పేరు. ఆఖరి ఓడకు వెళ్లిపోతుంది.

22 ఆగస్టు

నోన్నాతో ఇరవై రెండేళ్లు. ఆమె క్రేను పైన, ఏది ఎత్తాలో చెబుతూ నేను కింద. రోజంతా రేడియోలో ఒకరి గొంతు ఒకరికి, సాయంత్రం ఎవరో ఒకరింట్లో టీ. ఆమెది ఎదురు మేడ, నా వంటింటి కిటికీలోంచి ఆమె వంటింటి దీపం కనిపిస్తుంది. మా ఆయన గ్లేబ్ పోయినప్పుడు నలభై రోజులు నా ఇంట్లోనే పడుకుంది. నేను ఏడుస్తుంటే తిట్టేది, ఏడవకపోతే ఇంకా తిట్టేది.

ఇవాళ టీ తాగుతూ అడిగింది.

"నువ్వూ వెళ్లిపోవడానికి దరఖాస్తు పెట్టవే. ఒక్కదానివీ ఇక్కడ ఏం చేస్తావు? తెల్ల ఎలుగుబంట్లకు టీ కాచిపోస్తావా?"

"పెద్దనేల మీద నాకెవరున్నారు?"

ఇక్కడ అందరం దక్షిణాన్ని పెద్దనేల అనే అంటాం, మేమేదో దీవిలో ఉన్నట్టు.

"నేనుంటాను కదే!"

"నీకు మీ అక్క ఉంటుంది. మీ ఇద్దరి మధ్య నేనెందుకు, పాత చెక్కబీరువాలా?"

నోన్నా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను.

వాళ్లక్క ఉస్తీన్యా ఓకా నది ఒడ్డున చిన్న ఊళ్లో ఉంటుంది. యుద్ధంలో తల్లి పోతే, పదమూడేళ్ల పిల్ల ఈమెను ఎత్తుకుని పెంచింది. ఇప్పుడామెకు గుండె బాగాలేదు. నోన్నా ఆమెను చూసి తొమ్మిదేళ్లయింది. "వచ్చేదేదో నేను నడుస్తుండగానే రా" అని మే నెల ఉత్తరంలో రాసిందట. నోన్నా ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని క్రేను ఎక్కుతోంది.

వెళ్లాల్సిందే. నేను కాదనడం లేదు.

3 సెప్టెంబరు

పెట్టె సర్దడం మొదలు. ఎంత వద్దన్నా నన్ను పిలుస్తుంది. కుట్టుమిషను, పింగాణీ గిన్నెలు, అక్క కోసం జింక తోలు చెప్పులు. "ఇది పట్టుకెళ్లనా, పారేయనా?" అని ప్రతిదానికీ అడుగుతుంది. అన్నిటికీ పారెయ్ అన్నాను. నాతో పోట్లాట పెట్టుకుంది. హాయిగా అనిపించింది.

11 సెప్టెంబరు

వాళ్ల మేడలో తన ఇంటి తాళాలు ఓడ బయల్దేరే రోజు అప్పజెబుతానని రాసిచ్చింది. ఆ మేడలో మిగిలింది నాలుగు కుటుంబాలే, అందరూ ఆఖరి ఓడకే వెళ్తున్నారు. ఆ తర్వాత గొట్టాల్లో వేడి ఆపేస్తారు.

18 సెప్టెంబరు

ఐదో ఓడ వచ్చింది, 'సెవెర్యాంకా'. మొదట బొగ్గు దింపాలి. నోన్నా రోజుకు పన్నెండు గంటలు పైనే ఉంటోంది. ఆమె తప్ప క్రేను తిప్పేవాళ్లు లేరు. వచ్చే ఏటికి ఎవరినో నేర్పించి పంపుతామన్నారట.

23 సెప్టెంబరు

బొగ్గు దింపడం సాయంత్రానికి అయిపోయింది. వాతావరణం గదివాళ్లు ఫోను చేశారు: గాలి ఉత్తరానికి తిరుగుతోంది, మూడు రోజుల్లో మంచుపలకలు ఇటు వస్తాయి.

24 సెప్టెంబరు

ఇరవై ఎనిమిది కంటైనర్లు గట్టు మీద మూడు వరుసల్లో పెట్టించాను. మొదటి రెండు వరుసలు క్రేనుకు అందుతాయి. మూడో వరుస కలప దుంగల వెనక, లోడరు బండితో లాక్కురావాలి. నోన్నా పెట్టె మొదటి వరుసలో ఉండింది. దాన్ని మూడో వరుసకు జరిపించాను. బొగ్గు బండ్లకు దారి కావాలి కాబట్టి.

బొగ్గు బండ్లకు దారి కావాలి. షిఫ్టు పుస్తకంలో అలాగే రాశాను.

26 సెప్టెంబరు

వెళ్లిపోయింది ఓడ.

పొద్దున మంచు కనిపించింది. తెల్లగా, చాలా దూరంలో, గీత గీసినట్టు. కెప్టెను ఒంటికాలి మీద లేచాడు. "నాలుగు గంటలకు తాళ్లు తీసేస్తా. ఏది అందితే అది వెయ్యండి, మీ జాబితా నాకు అక్కర్లేదు" అన్నాడు. నిజమే, అంత టైం ఎక్కడుంది? వరుస ప్రకారం చెప్పుకుంటూ పోయాను. నోన్నా ఎత్తుకుంటూ పోయింది.

మా రేవులో ఒక నియమం. కింద ఉన్నవాళ్లు చెప్పిందే పైన ఉన్నవాళ్లు ఎత్తాలి. పైనుంచి ఏం కనిపించినా అడగకూడదు. ఎప్పుడో ఒకడు తన కళ్లను నమ్ముకుని సొంతంగా ఎత్తితే కింద ఇద్దరు నలిగిపోయారు. అప్పట్నుంచి కిందిమాటకు ఎదురు లేదు. నోన్నా ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

మూడున్నరకు రేడియోలో అడిగింది.

"రిమ్మా, ఇంకెన్ని పడతాయి?"

"నాలుగు."

క్రేను కొక్కెం గాల్లో ఆగింది. తర్వాత, "నాది?"

"రెండో వరుసలో తర్వాతిది ఎత్తు" అన్నాను.

ఎత్తింది.

లోడరు బండి తోలే సెర్యోగా నా పక్కనే ఉన్నాడు. పొద్దున్నుంచి వాడికి పని లేదు. "తెమ్మంటారా వెనకవి?" అని రెండుసార్లు అడిగాడు. ఆగమన్నాను. దుంగల మధ్య బండి ఇరుక్కుంటే ఉన్న పనీ ఆగిపోతుంది.

పంతొమ్మిది ఎక్కాయి. తొమ్మిది మిగిలాయి.

నోన్నా నిచ్చెన దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. సంచీ భుజాన ఉంది, ఓడలో ఆమెకు పడక ఉంది, మెట్లు ఇంకా తీయలేదు. "పెట్టె పోతే పోనీ, నేను వెళ్లనా?" అంది. నన్నే అడిగింది. ఆమె మొహం చెమటతో తడిసి ఉంది.

"ఉత్త చేతులతో వెళ్లి అక్క మీద పడతావా? చలికాలమంతా పెట్టె గట్టు మీదుంటే తలుపు విరగ్గొట్టి గిన్నెతో సహా పట్టుకుపోతారు. జూలైలో మొదటి ఓడకు మొదటి పెట్టె నీదే. తొమ్మిది నెలలే. మా ఇంటికి పదవే."

నా వంక చూసింది. ఓడ వంక చూసింది. వాళ్లు మెట్లు లాగేశారు.

ఇప్పుడు పక్క గదిలో పడుకుంది. మొహం గోడ వైపు పెట్టుకుంది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

మంచు రావడం నా తప్పా?

30 సెప్టెంబరు

నోన్నా అక్కకు తంతి కొట్టింది: మంచు వచ్చింది, పెట్టె ఉండిపోయింది, చలికాలం రిమ్మా దగ్గర ఉంటాను, దిగులు పడకు.

17 అక్టోబరు

ఇంట్లో ఎవరో దగ్గడం ఎంత బాగుంటుందో మర్చిపోయాను. పొద్దున్నే గిన్నెలు చప్పుడు చేస్తుంది. టీలో పంచదార నేనెక్కువ వేసుకుంటున్నానని దెప్పుతుంది. రాత్రి భోజనానికి గడ్డకట్టిన చేపను పలచగా చెక్కి ఉప్పూ మిరియాలూ వేసుకుని తిన్నాం. "గ్లేబ్ అంత పలచగా చెక్కలేవు కదే" అంది. ఆయన పేరు ఇంట్లో పైకి వినిపించి ఎన్నాళ్లయిందో.

2 నవంబరు

తొమ్మిది పెట్టెలనూ గోదాములోకి లాగించాం. ఒక్కోదానికి ఇరవై నిమిషాల పని. దుంగల మధ్య బండి ఎక్కడా ఇరుక్కోలేదు.

21 నవంబరు

సూర్యుడు ఇక రాడు. ఇంక జనవరి చివరికే. ఈసారి బెంగగా లేదు.

31 డిసెంబరు

నోన్నా బంగాళాదుంపల కూర చేసింది, దోసకాయ ఊరగాయ చివరి సీసా తీసింది. గ్లాసు ఎత్తి "మంచుకు!" అంది. "ఆ మంచు రాకపోతే నువ్వీపాటికి ఒక్కదానివే కూర్చుని గోడతో మాట్లాడుతుండేదానివి" అంది. అని నన్ను ముద్దు పెట్టుకుంది.

నేనూ మంచుకు తాగాను.

14 జనవరి 1995

ఉస్తీన్యా ఉత్తరం వచ్చింది, విమానంలో. నెలకోసారి వస్తోంది విమానం, వస్తే. మెట్లు ఎక్కలేకపోతున్నానని రాసింది. పక్కింటావిడ రొట్టె తెచ్చిపెడుతోందట. నోన్నా రెండుసార్లు చదివి, "అక్క ఎప్పుడూ ఇంతే, గోరంతలు కొండంతలు చేస్తుంది" అంది. అవునన్నాను. ఇద్దరం అవునవునని చెప్పుకున్నాం.

9 ఫిబ్రవరి

తంతి. పక్కింటావిడ పంపింది. ఉస్తీన్యా ఆసుపత్రిలో ఉంది, వెంటనే రమ్మంది.

10 ఫిబ్రవరి

విమానాల మైదానానికి వెళ్లాం. మంచు తుఫాను, కంటి ముందు చెయ్యి కనిపించడం లేదు. మూడు రోజులు ఆగమన్నారు.

13 ఫిబ్రవరి

ఇంకా వీస్తోంది. నోన్నా అక్కడి బెంచీ మీదే పడుకుంటోంది. నేను అన్నం పట్టుకెళ్లాను, ముట్టలేదు. "నేను చిన్నప్పుడు జ్వరం వస్తే అక్క వీపు మీద వేసుకుని ఏడు కిలోమీటర్లు నడిచిందే. ఏడు కిలోమీటర్లు" అంది. చెప్పిందే చెబుతోంది.

15 ఫిబ్రవరి

వీస్తోంది.

17 ఫిబ్రవరి

పోయింది ఉస్తీన్యా. తెల్లవారుజామున. తంతి మధ్యాహ్నం వచ్చింది. గాలి సాయంత్రం ఆగింది.

18 ఫిబ్రవరి

రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు, ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇక ఎక్కడ నిజం చెప్పాలి?

బొగ్గు బండ్లకు దారి అక్కర్లేదు. బొగ్గు అంతకు ముందు రోజే అయిపోయింది. గాలి తిరుగుతోందని నాకు ఫోను వచ్చాకే పెట్టెను మూడో వరుసకు జరిపించాను. సెర్యోగా బండి ఖాళీగా ఉంది. ఇరవై నిమిషాల పని. ఓడ మెట్లు ఇంకా ఉన్నాయి. నోన్నా నన్ను అడిగింది, వెళ్లనా అని. నేను వద్దన్నాను.

నాకు ఒంటరిగా ఉండటం భయం. అంతే కారణం. ఎదురు మేడలో దీపం వెలగని కిటికీని చూస్తూ టీ తాగలేక, ఇద్దరు అక్కచెల్లెళ్లను విడదీశాను.

28 ఫిబ్రవరి

విమానం వచ్చేలోపే ఉస్తీన్యాను పక్కింటివాళ్లు మట్టి చేసేశారు, నోన్నా ఇక వెళ్లలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. మంచును తిడుతుంది, గాలిని తిడుతుంది, కెప్టెనును తిడుతుంది. సాయంత్రం నా ఒళ్లో తల పెట్టుకుని, "నువ్వు లేకపోతే పిచ్చిదాన్నై పోయేదాన్నే" అంది.

చెబుదామనుకున్నాను. ఇప్పుడు చెబితే తట్టుకోలేదు. ఆమె కోసమే ఆగుతున్నాను.

ఆమె కోసమే.

6 ఏప్రిల్

చెప్పలేదు.

23 మే

ఎండ బాగా కాస్తోంది. నోన్నా మళ్లీ రెండు పూటలా తింటోంది. దెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న మనిషికి ఏం చెబుతాను? ఇంక ఎప్పటికీ చెప్పనక్కర్లేదేమో.

8 జూలై

మకారిచ్ చెప్పాడు. ఈ ఏడు మూడే ఓడలు. పై ఊళ్లకు సరుకు ఇక మా రేవు మీదుగా పంపరట. "వచ్చే ఏడు..." అని ఆగిపోయాడు. నేను కూడా ఏమీ అనలేదు.

జాబితా రాశాను. నోన్నా పెట్టె మొదటిది.

16 జూలై

మొదటి ఓడ. ఊరంతా గట్టు మీదే. పిల్లలకు ఆపిల్ పళ్లు పంచారు.

సాయంత్రం నోన్నా నా గదికి వచ్చి, జాబితా తీసుకుని, తన పేరు మీద వేలు పెట్టింది.

"ఇది కొట్టెయ్యవే."

"ఎందుకు?"

"అక్కే లేనప్పుడు ఆ ఇంట్లో నేనేం చేస్తాను, గోడలు తుడుస్తూ కూర్చోనా? నాకిక ఉన్నది నువ్వొక్కదానివే. ఇక్కడే ఉంటాను. రేవు మూసేదాకా క్రేను తిప్పుతాను, మూశాక ఇద్దరం కలిసి చేపలు పడదాం."

నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇంతకు మించి ఏమీ కోరుకోలేదు. తల దించుకుని ఆమె పేరు కొట్టేశాను. సంతోషం దాచుకుంటున్నాననుకుంది.

19 జూలై

ఓడలో వచ్చిన పార్సిళ్లు ఇవాళ పంచారు. విమానంలో ఉత్తరాలే వస్తాయి, పార్సిళ్లన్నీ ఓడల కాలం కోసం అర్ఖాంగెల్స్క్ గోదాములో పడుంటాయి. నా పేర ఒకటి వచ్చింది. నాకెవరు పంపుతారు? గుడ్డలో కుట్టిన పెట్టె, మీద వంకర అక్షరాలు. నోన్నా చూసి అక్కడే కూలబడింది. ఉస్తీన్యా చేతిరాత. అక్టోబరులో పంపింది.

లోపల ఎండబెట్టిన బేరిపండు ముక్కలు, ఒక జత ఉన్ని మేజోళ్లు, చిన్న కాగితం. నా కళ్లజోడు దొరకలేదు. నోన్నాయే చదివింది.

"రిమ్మా, నా చెల్లిని నీ ఇంట్లో పెట్టుకున్నావని తంతి చూసి గుండె కుదుటపడింది. దానికి రాత్రిళ్లు కాళ్లు చల్లబడతాయి, కాస్త చూడు. నీ కాలి కొలత తెలియదు, నాది చూసి అల్లాను. వేసవిలో నువ్వూ దానితో పాటు వచ్చెయ్యి. తోట వైపు గది సున్నం కొట్టించి ఉంచాను, అది నీకే. నువ్వు వస్తావని నోన్నా రెండేళ్లుగా రాస్తూనే ఉంది, నీకు చెప్పడానికి మొహమాటపడుతోందట, బతిమాలితే ఇంకా బిగుసుకుంటావట. నాకు మొహమాటం లేదు. రా."

నోన్నా చదువుతూ ఏడ్చింది. చదవడం అయ్యాక నవ్వింది. "చూశావా, నన్ను ఎలా పట్టిచ్చిందో" అంది.

చెప్పాను. అప్పుడే, అక్కడే, ఆ మేజోళ్లు చేతిలో పెట్టుకునే. గాలి వార్త, మూడో వరుస, సెర్యోగా బండి, అన్నీ. ఏడవకుండా చెప్పాను. ఏడిస్తే ఆమె నన్ను ఓదారుస్తుందని భయమేసింది.

నోన్నా కాగితాన్ని మడతపెట్టి పెట్టెలో పెట్టింది. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"పైనుంచి నాకు కనిపించింది. సెర్యోగా బండి పొద్దున్నుంచి ఖాళీగా నిలబడి ఉంది. నా పెట్టె కనిపించింది. దుంగల మధ్య దారి కూడా కనిపించింది."

"మరి ఎందుకు అనలేదు?"

"కింద ఉన్నది నువ్వు కదా. నీకేదో కారణం ఉంటుందనుకున్నాను. చలికాలమంతా అదే అనుకున్నాను, నాకు కనపడని కారణం ఏదో ఉండుంటుందని."

లేచి కప్పులు కడిగింది. పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఇన్ని నెలల్లో ఆ తలుపు ఎప్పుడూ వేయలేదు.

20 జూలై

నోన్నా మకారిచ్ దగ్గరకు వెళ్లి తన పేరు మళ్లీ రాయించుకుంది.

24 జూలై

వెళ్లిపోయింది.

పెట్టె ఆమె తనే ఎత్తుకుంది. మొదటిది. నేనే చెప్పాలి కాబట్టి చెప్పాను, "మొదటి వరుస, మొదటిది." "సరే" అంది. అది ఎక్కాక మిగతావన్నీ కూడా తనే ఎక్కించింది, పద్నాలుగు. నా మీద కోపంతో ఒక్క పెట్టెనూ వదిలి వెళ్లలేదు. ప్రతి దానికీ "సరే". వేరే మాట లేదు.

దిగి వచ్చి, సంచీ భుజాన వేసుకుని నా ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"ఆ గది సంగతి రెండేళ్ల కిందే నీకు చెప్పి ఉండాల్సింది" అంది. "అంతమాత్రాన నిన్ను క్షమించానని కాదు. క్షమించలేదు. కానీ చెప్పి ఉండాల్సింది."

మెట్లు ఎక్కింది. మకారిచ్ పక్కన నిలబడి చెయ్యి ఊపాను. ఆమె డెక్కు మీదే ఉంది, కమ్మీ పట్టుకుని. ఊపలేదు, అలాగని లోపలికీ వెళ్లలేదు. ఓడ చివరి దీవి చాటుకు మళ్లేదాకా అక్కడే నిలబడి ఉంది.

మకారిచ్ అన్నాడు, "ఏంటండీ రిమ్మా సవెల్యెవ్నా, అలా ఉన్నారు? రేపట్నుంచి క్రేను ఎవరు తిప్పుతారో తేల్చాలి."

"ఎవరూ తిప్పరు" అన్నాను.